పసుపు బటన్ లెక్క

తెలంగాణ బిల్లుకు మన ఎంపీ ఎటు ఓటేశారని నల్లగొండలో ఎవరైనా అడిగితే, లోక్‌సభ రికార్డుల్లో పేరు వెతికి లాభం లేదు. 2014 ఫిబ్రవరి 18న ఆ బిల్లు మూజువాణి ఓటుతో నెగ్గింది. ప్రత్యక్ష ప్రసారం ఆగిపోయిన సభలో కేకలను బట్టి ఫలితం తేలిపోయింది. డివిజన్, అంటే ఎవరు ఎటు ఓటేశారో పేర్లతో నమోదయ్యే ఓటింగ్, కోరే హక్కు సభ్యుడికి ఉంది. కానీ అనవసరంగా కోరారని స్పీకర్‌కు అనిపిస్తే సభ్యులను నిలబెట్టి తలలు లెక్కపెట్టవచ్చు. అప్పుడూ పేర్లు నమోదు కావు.

డివిజన్ జరిగితే గంటలు మోగుతాయి, లాబీల తలుపులు మూస్తారు. సభ్యుడి ముందు ఆకుపచ్చ, ఎరుపుతో పాటు పసుపు బటన్ కూడా ఉంటుంది. అది తటస్థులది. ఎటూ కాదని పేరే గానీ, దాని బరువు సందర్భాన్ని బట్టి మారుతుంది. మామూలు బిల్లుకు, అవిశ్వాసానికి హాజరై ఓటేసిన వారిలో మెజారిటీ చాలు. తటస్థులు ఆ లెక్కలోకే రారు. రాజ్యాంగ సవరణకు అలా కాదు. ఓటేసిన వారిలో మూడింట రెండు వంతులతో పాటు, మొత్తం సభ్యుల్లో సగానికి పైగా కావాలి. ఈ రెండో షరతు దగ్గర పసుపు ఎరుపుతో సమానం.

మొదటి షరతు దగ్గర మాత్రం అదే పసుపు బిల్లును గట్టెక్కించగలదు. 1970 సెప్టెంబరు 5న మాజీ సంస్థానాధీశులకు ప్రభుత్వం చెల్లించే రాజభరణాలను రద్దు చేసే రాజ్యాంగ సవరణ బిల్లు రాజ్యసభకు వచ్చింది. అనుకూలం 149, వ్యతిరేకం 75. 224లో మూడింట రెండు వంతులంటే 149.33. ఒక ఓటులో మూడో వంతు తక్కువై బిల్లు వీగిపోయింది! ఆ 75 మందిలో ఒక్కరు తటస్థంగా ఉండి ఉంటే 149 సరిపోయేది.

1985లో ఫిరాయింపుల నిరోధక చట్టం వచ్చాక ఈ వెసులుబాటూ తగ్గింది. ఎటు ఓటేయాలో చెప్పే పార్టీ ఆదేశం (విప్) జారీ అయ్యాక, ముందస్తు అనుమతి లేకుండా తటస్థంగా ఉన్నా ధిక్కారమే. పార్టీ 15 రోజుల్లో మన్నించకపోతే సభ్యత్వం పోవచ్చు.

సభ్యుడికి పసుపు బటన్ ఉన్నా, ఓటరుకు చాలాకాలం అలాంటి బటనేమీ లేదు. 1996లో ఫ్లోరైడ్ నీళ్లపై నిరసనగా నల్లగొండ లోక్‌సభ స్థానానికి నామినేషన్లు వెల్లువెత్తాయి. బరిలో 480 మంది! బ్యాలెట్ పత్రం పుస్తకమంత అయింది. ఆ ఏడాదే డిపాజిట్‌ను 500 నుంచి 10,000 రూపాయలకు పెంచారు. ఫ్లోరైడ్ కన్నా డిపాజిట్ సంగతే ముందు తేలింది. 2013లో సుప్రీంకోర్టు తీర్పుతో ఓటరుకు నోటా (పై అభ్యర్థులెవరూ వద్దు) బటన్ వచ్చింది. అయితే లోక్‌సభ ఎన్నికల్లో అందరికంటే ఎక్కువ ఓట్లు నోటాకే పడినా, దాని తర్వాత ఉన్న అభ్యర్థే గెలిచినట్టు.