ఆఫ్రికాలో భూముల పంపిణీ: నేను తరచూ వినే అపోహలు, అసలు వాస్తవాలు

భూమి హక్కుల రంగంలో పనిచేస్తానని చెప్పగానే చాలామంది ముందు జింబాబ్వే సంగతే ఎత్తుతారు, "తెల్లవాళ్ల భూములు లాక్కుని దేశాన్ని పాడుచేసుకున్నారు కదా?" అని. అంత పెద్ద కథని ఒక్క మాటలో తేల్చేస్తే బాధేస్తుంది. అందుకే ఇది రాస్తున్నా.

అపోహ: జింబాబ్వేలో స్వాతంత్ర్యం రాగానే భూములు లాక్కున్నారు.

వాస్తవం: ఇరవై ఏళ్లు ఆగారు. స్వాతంత్ర్యం వచ్చిన 1980లో దాదాపు 6,000 మంది తెల్లజాతి రైతుల చేతిలో కోటిన్నర హెక్టార్లకు పైగా భూమి ఉంది. కానీ స్వాతంత్ర్యం కోసం 1979లో లండన్‌లో కుదిరిన లాంకాస్టర్ హౌస్ ఒప్పందం ప్రకారం మొదటి పదేళ్లు యజమాని ఇష్టపడి అమ్మితేనే ప్రభుత్వం కొనాలి. అమ్మకానికి వచ్చిన వాటిలో చాలావరకు నాసిరకం నేలలే. 1,62,000 కుటుంబాలకు ఇస్తామని చెప్పి, 1990ల చివరికి 70 వేల దగ్గరే ఆగిపోయారు.

అపోహ: 2000 తర్వాత భూమంతా నాయకులే పంచుకున్నారు, సేద్యం మళ్లీ లేవలేదు.

వాస్తవం: ఇందులో సగం నిజం ఉంది. పెద్ద కమతాలు, అంటే అక్కడివాళ్లు ఏ2 అనేవి, పలుకుబడి ఉన్నవాళ్లకి బాగానే దక్కాయి. 2000లో మొదలైన పొలాల ఆక్రమణల్లో హింస జరిగింది, ప్రాణాలు పోయాయి. నన్ను ఎక్కువగా బాధపెట్టేది ఆ పొలాల్లో పనిచేసిన కూలీల సంగతి. వాళ్లలో చాలామంది తాతలు మలావీ, మొజాంబిక్‌ల నుంచి వచ్చినవాళ్లు. లక్షల మందికి బతుకుతెరువు పోయింది, భూమి దక్కింది కొద్దిమందికే. కానీ ఏ1 అనే చిన్న కమతాలు లక్షకు పైగా మామూలు కుటుంబాలకి వెళ్లాయి, ఆ సంగతి ఎవరూ చెప్పరు. పొగాకే చూడండి (ఒంగోలు వైపు వాళ్లకి ఈ పంట కష్టం తెలుసు). 2000లో 23 కోట్ల కిలోలకు పైగా పండింది, 2008లో 5 కోట్ల కిలోల లోపుకి పడిపోయింది, 2023లో 29 కోట్లు దాటింది. ఇప్పుడు పండించేవాళ్లలో ఎక్కువమంది చిన్న రైతులే. అయితే కంపెనీలిచ్చే ఎరువు, విత్తనం అప్పు మీద సాగు నడుస్తోంది కాబట్టి, పంట తేడా కొడితే ఆ భారం రైతు మీదే పడుతుంది.

అపోహ: దక్షిణాఫ్రికాలో పరిహారం లేకుండా లాగేసుకుంటున్నారు.

వాస్తవం: అక్కడ అసలు సమస్య నత్తనడక. 1913 నాటి భూముల చట్టం నల్లజాతివాళ్లకి దేశంలో 7 శాతం నేలే మిగిల్చింది, 1936లో దాన్ని 13 శాతానికి పెంచారు. 1994లో కొత్త ప్రభుత్వం వచ్చి ఐదేళ్లలో 30 శాతం సాగుభూమి పంచుతామంది, గడువు 2014కి జరిగింది, అప్పటికీ కాలేదు. పోగొట్టుకున్న భూమి తిరిగి అడిగినవాళ్లలో పట్టణాలవాళ్లకి ఎక్కువగా డబ్బే చేతికొచ్చింది. 2006 నుంచి ప్రభుత్వమే భూమి కొని లీజుకిస్తూ వచ్చింది, అంటే లబ్ధిదారుల్లో చాలామంది కౌలుదారులుగానే ఉండిపోయారు. అమ్ముకునే హక్కు లేని అసైన్డ్ భూమి దున్నిన కుటుంబాలకి ఆ బెంగ వేరే చెప్పక్కర్లేదు.

అపోహ: పంపిణీ అంటే ఉచితం.

వాస్తవం: కెన్యాలో 1962లో మొదలైన పది లక్షల ఎకరాల పథకంలో దాదాపు 35 వేల కుటుంబాలు స్థిరపడ్డాయి. ఆ భూముల్ని తెల్ల రైతుల దగ్గర అప్పుతెచ్చిన డబ్బుతో కొన్నారు. ఆ బాకీ తీర్చాల్సింది కొత్తగా వచ్చి స్థిరపడిన కుటుంబాలే, వాయిదాలు కట్టలేక ఎందరో ఏళ్లపాటు నలిగిపోయారు.