ఉయ్యాలకు కట్టిన స్పీకర్ ముందు విప్పేయండి: పసిపాపల సంగీతంపై అపోహలు, వాస్తవాలు

"మోజార్ట్ రోజుకు ఎన్ని గంటలు పెట్టమంటారు?" పసిపిల్లలకు పాశ్చాత్య శాస్త్రీయ సంగీతం పరిచయం చేసే పనిలో ఉన్నవాళ్లకు ఎదురయ్యే మొదటి ప్రశ్న ఇదే. మోజార్ట్ అంటే 18వ శతాబ్దపు యూరప్ స్వరకర్త. దీని వెనక రెండు నమ్మకాలుంటాయి. సంగీతం టానిక్ లాంటిది, ఎంత ఎక్కువ పడితే బుర్ర అంత పెరుగుతుందన్నది ఒకటి. పిల్లల కోసమే మెత్తగా మలిచిన సంగీతం కాబట్టి ఎంత దగ్గర పెట్టినా, ఎంతసేపు వదిలేసినా ఏమీ కాదన్నది రెండోది. మొదటి నమ్మకం సమయాన్ని తింటుంది. రెండోది నిద్రను చెడగొడుతుంది, చెవికీ మంచిది కాదు. అందుకే దానితోనే మొదలుపెడదాం.

అపోహ: మెత్తని సంగీతమే కదా, ఉయ్యాల్లో పెట్టి రాత్రంతా వదిలేయొచ్చు

మెత్తదనం వాయించే తీరులో ఉంటుంది. చెవికి చేరే మోత వేరే సంగతి. అతి నెమ్మదైన జోలపాటను కూడా బిడ్డ చెవికి జానెడు దూరంలో పెడితే అది మోతే.

పిల్లల ఆల్బమ్‌లలో ఎక్కువగా వినిపించేవి మ్యూజిక్ బాక్స్, గ్లాకెన్‌స్పీల్ (లోహపు పలకలను చిన్న సుత్తులతో కొట్టే వాద్యం), సెలెస్టా (అదే తరహాలో మెట్లు నొక్కి వాయించేది). ముద్దుగా ఉంటాయి, నిజమే. కానీ వీటిలో ప్రతి స్వరమూ చిన్న దెబ్బతోనో మీటుతోనో మొదలవుతుంది, బలమంతా పైస్థాయిలోనే ఉంటుంది. ఫోన్ స్పీకర్ మంద్రస్వరాలను సరిగా పలకలేదు కాబట్టి చివరికి మిగిలేది ఆ టింగుటింగులే. దానికి తోడు పసిబిడ్డ చెవినాళం పొట్టిది. పొట్టి గొట్టం పైస్వరాలకే ఎక్కువ మోగుతుంది. పెద్దవాళ్ల చెవిలో ఈ అనునాదం 2,700 హెర్ట్జ్ దగ్గర్లో ఉంటే, అప్పుడే పుట్టిన బిడ్డ చెవిలో 5,000 హెర్ట్జ్ దాటి ఉంటుంది. మన చెవికి మామూలుగా తోచిన టింగు బిడ్డ కర్ణభేరి దగ్గర ఇంకాస్త గట్టిగా తగులుతుందన్నమాట.

2014లో పీడియాట్రిక్స్ పత్రికలో వచ్చిన ఒక అధ్యయనంలో శిశువుల నిద్ర యంత్రాలు 14 తీసుకుని శబ్దం కొలిచారు. పూర్తి వాల్యూమ్‌లో అన్నీ 50 డెసిబెల్స్ దాటాయి. 30 సెంటీమీటర్ల దూరంలో మూడు యంత్రాలు 85 కూడా దాటాయి. అవి పాటలు పాడే యంత్రాలు కావు, నిజమే. కానీ స్పీకర్‌కూ చెవికీ మధ్య దూరం లెక్క దేనికైనా ఒకటే. ఆరుబయట దూరం రెట్టింపైతే శబ్దం 6 డెసిబెల్స్ తగ్గుతుంది. గదిలో గోడలు తిప్పికొడతాయి కాబట్టి అంత కూడా తగ్గదు.

కాబట్టి ఇలా చేయండి. స్పీకర్‌ను ఉయ్యాలకు కనీసం 2 మీటర్ల దూరంలో, నేరుగా బిడ్డ వైపు కాకుండా గోడ వైపు తిప్పి పెట్టండి. వైరు ఉయ్యాల దరిదాపుల్లో ఉండకూడదు, అది మెడకు చుట్టుకునే ప్రమాదం. తర్వాత బిడ్డను ఎత్తుకున్నాక, ఫోన్‌లో సౌండ్ మీటర్ యాప్ తెరిచి, సరిగ్గా బిడ్డ తల ఉండేచోట పెట్టండి. పాటలో గట్టిగా వినిపించే చోట 50 దాటకూడదు. ఫోన్ మీటర్లు కొన్ని డెసిబెల్స్ అటూ ఇటూ చూపిస్తాయి, అందుకే 45 దగ్గర ఆపితే నిశ్చింత. గదిలో ఫ్యానో ఏసీనో ఉంటే ముందు పాట లేకుండా కొలవండి. ఫ్యానే 48 చూపిస్తుంటే దాన్ని మించి వినిపించాలని పాట పెంచడమే అందరూ చేసే పొరపాటు. అలాంటప్పుడు ఫ్యాన్ తగ్గించాలి, లేదా ఆ పూటకు పాట మానేయాలి. మీటర్ లేదా? మీ తల అక్కడ పెట్టి వినండి. గుసగుస కంటే కాస్త పెద్ద గొంతుతో ఎవరైనా మాట్లాడితే, పాట అడ్డం రాకుండా మాట వినపడాలి.

పాటకూ పాటకూ మధ్య వచ్చే ప్రకటన ఇంకో పెద్ద బెడద. బిడ్డ రెప్పలు వాలుతుండగా ఒక్కసారిగా అరుపు. మూడు నాలుగు నెలల లోపు బిడ్డయితే చేతులు రెండూ బార్లా చాచి, వేళ్లు విప్పి, ఉలిక్కిపడి ఏడుస్తుంది. ఆ ఏడుపు చూసి "మా పాపకు సంగీతం పడదు" అనుకునేవాళ్లు చాలామంది. పాటలు ముందే డౌన్‌లోడ్ చేసుకోండి, ఫోన్ ఫ్లైట్ మోడ్‌లో పెట్టండి, ఆటోప్లే తీసేయండి. చివరి పాట టక్కున తెగకుండా సన్నగిల్లుతూ ఆగేలా చూసుకోండి.

ఇక రాత్రంతా అన్న మాట. నిద్రపుచ్చడానికి పెడితే టైమర్ 20 నిమిషాలు చాలు. పాటతోనే నిద్రపోయే అలవాటు పడిన బిడ్డ అర్ధరాత్రి మెలకువ వచ్చినప్పుడు మళ్లీ అదే కోరుతుంది. చెవికి కూడా నిశ్శబ్దం కావాలి. పగలంతా వెనకాల ఏదో ఒకటి మోగుతూనే ఉంటే ఇంట్లోవాళ్ల మాటలు అందులో కలిసిపోతాయి. గోలలోంచి మాటను విడదీసి వినే నేర్పు పెద్దవాళ్లకున్నంత బిడ్డకు ఉండదు. బిడ్డ భాష నేర్చుకునేది ఆ మాటల్లోంచే. తెలివి పెరగాలని పెట్టిన పాట మాటకే అడ్డుపడితే ఎంత నష్టమో ఆలోచించండి.

అపోహ: మోజార్ట్ వింటే తెలివి పెరుగుతుందని శాస్త్రవేత్తలే తేల్చారు

తేల్చలేదు. ఈ పుకారుకు మూలం 1993లో నేచర్ పత్రికలో వచ్చిన ఒక పేజీ వ్యాసం. విన్నవాళ్లు 36 మంది కాలేజీ విద్యార్థులు. శిశువు ఒక్కరూ లేరు. విన్నది మోజార్ట్ రెండు పియానోల కోసం రాసిన సొనాటా అనే వాద్య రచన (ఆయన రచనల జాబితాలో కె.448), పది నిమిషాలు. ఆ తర్వాత కాగితం మడతలు, ఆకారాలు ఊహించే ఒక రకం పరీక్షలో కాస్త మెరుగయ్యారు. ఆ మెరుగు నిలిచింది 10 నుంచి 15 నిమిషాలు. తర్వాత మళ్లీ చేసి చూసిన చాలామందికి ఆ ఫలితం సరిగా రాలేదు. వచ్చినచోట కూడా హుషారైన సంగీతం మనసును చురుగ్గా చేయడమే అందుకు కారణమని 2001లో మరో ప్రయోగం చూపించింది. కానీ అంతకు ముందే, 1998లోనే, అమెరికాలో జార్జియా గవర్నర్ పుట్టిన ప్రతి బిడ్డకూ ఒక సంగీతం సీడీ ఇవ్వడానికి బడ్జెట్‌లో డబ్బు అడిగారు. ఈ నమ్మకం ఇంటింటికీ చేరిందంటే ఆశ్చర్యమేముంది?

"మేం పెట్టలేదు, పాపకు అన్యాయం చేశామేమో" అని కుమిలిపోయే తల్లులకు ఒకటే మాట: మీ బిడ్డ పోగొట్టుకున్నది ఏమీ లేదు.

పోనీ, నిజంగా తేలినవి ఏమిటంటే అవీ ఉన్నాయి, ఇంతకంటే అందంగా ఉన్నాయి. 7 నెలల శిశువులకు రెండు వారాల పాటు రోజూ మోజార్ట్ పియానో సొనాటాల్లోని నెమ్మది భాగాలు వినిపించి, మరో రెండు వారాలు ఆపేసి పరీక్షిస్తే, విన్న సంగీతానికీ కొత్త సంగీతానికీ తేడా గుర్తుపట్టారు. అంటే ఇరవై పాటల జాబితా అక్కర్లేదు. రెండు మూడు రచనలు తీసుకుని రెండు వారాలు అవే తిప్పి తిప్పి వినిపించండి. పెద్దవాళ్లకు విసుగొస్తుంది గానీ బిడ్డకు రాదు.

2005లో వచ్చిన ఇంకో ప్రయోగంలో ఏ తాళమో తేలని ఒక దరువు వినిపిస్తూ కొందరు శిశువులను ప్రతి రెండో దెబ్బకు, కొందరిని ప్రతి మూడో దెబ్బకు ఎత్తి ఊపారు. తర్వాత, తమను ఊపిన లయకు సరిపోయే దరువునే వాళ్లు ఎక్కువసేపు విన్నారు. ఎవరో ఊగుతుంటే కేవలం చూసిన శిశువుల్లో ఆ తేడా రాలేదు. లయ బిడ్డకు ఒంటి ద్వారా కూడా ఎక్కుతుంది. స్పీకర్ ఒక్కటీ ఆ పని చేయలేదు, ఎత్తుకునే చేతులు కావాలి.

అపోహ: పిల్లల ఆల్బమ్ అని రాసి ఉంటే చాలు

అట్ట మీద నిద్రపోతున్న నెలవంక బొమ్మ ఉన్నంత మాత్రాన లోపలున్నది మెత్తనిది కాదు. అసలు రచనను పసిపిల్లలకు తగ్గట్టు బాగా మలచడం ఎలా ఉంటుందో ఒక పాటలో చూడండి. జర్మన్ స్వరకర్త బ్రామ్స్ 1868లో రాసిన జోలపాట, అందరికీ తెలిసిన ఆ "గగప, గగప" ఎత్తుగడ. పాటంతా సా నుంచి పై సా వరకు ఒక్క స్థాయిలోనే తిరుగుతుంది, మూడేసి బీట్ల ఊపు. అసలు రచనలో పియానో పక్కవాద్యం దెబ్బకు కాస్త తప్పి, ఊగుతూ నడుస్తుంది. చిన్న స్పీకర్‌లో అదంతా ముద్దైపోతుంది. అందుకని మలిచేటప్పుడు పాట వరసను అలాగే ఉంచి, కింద మొదటి బీట్‌కు ఒక మంద్రస్వరం, మధ్యలో ఒక తోడు స్వరం, అంతే. వేగం నిమిషానికి 60 నుంచి 80 బీట్లు. శ్రుతి రెండు మూడు స్వరస్థానాలు కిందకు దించితే తల్లీ తండ్రీ కూడా గొంతు కలపగలరు. చివర్లో సా నుంచి పై సాకు ఎగిరే చోటు ఉంది చూడండి, పరీక్ష అక్కడే. అక్కడ వాద్యం గుచ్చుకుంటే అలా మలిచిన పాట పసిబిడ్డకు పనికిరాదు. వయోలా, చెల్లో, క్లారినెట్, సుత్తులకూ తీగలకూ నడుమ నమదా గుడ్డ వేసిన పియానో అక్కడ మెత్తగా పలుకుతాయి, ఎందుకంటే మొదటి మూడింటిలో స్వరం దెబ్బతో మొదలవదు, పొంగినట్టు వస్తుంది; ఆ పియానోలో దెబ్బను గుడ్డ మెత్తబరుస్తుంది.

అసలు రచనలు వినిపించకూడదని కాదు. సాన్-సాన్స్ స్వరపరిచిన "హంస", షూమన్ "ట్రాయ్‌మెరై", బాక్ మూడో ఆర్కెస్ట్రా సూట్‌లోని "ఎయిర్" అనే భాగం ఉన్నవున్నట్టే సరిపోతాయి. హైడన్ అనే స్వరకర్త ఆర్కెస్ట్రాకు రాసిన 94వ సింఫనీ రెండో భాగం మాత్రం నిద్రవేళ వద్దు. మొదట మెల్లగా, తర్వాత ఇంకా మెల్లగా నడిపి, పదహారో బార్‌లో (బార్ అంటే మన తాళంలో ఆవర్తం లాంటిది) ఆర్కెస్ట్రా అంతా ఒక్కసారి దద్దరిల్లుతుంది. మెల్లగా ఉన్నచోట వినపడటం లేదని వాల్యూమ్ పెంచితే, ఆ పదహారో బార్‌లో బిడ్డ ఉలిక్కిపడటం ఖాయం. ఏ పాటైనా మొదట చివరిదాకా మీరు విని, అందులో అన్నిటికంటే గట్టిగా వినిపించే చోటును బట్టి వాల్యూమ్ పెట్టుకోండి.

అపోహ: పాటకు కదులుతోంది కాబట్టి చెవి బాగానే ఉంది

దయచేసి ఇది నమ్మకండి. దరువు మంచం కర్ర గుండా అదురుగా తెలుస్తుంది. కొందరు పిల్లలకు మంద్రస్వరాలు వినిపించి పైస్వరాలు వినిపించవు, అయినా పాటకు తల తిప్పుతారు. మాటల్లో హల్లులను విడదీసేవి ఎక్కువగా ఆ పైస్వరాలే. నెల లోపు వినికిడి స్క్రీనింగ్, తేడా కనిపిస్తే 3 నెలల లోపు నిర్ధారణ, 6 నెలల లోపు చికిత్స మొదలుపెట్టాలన్నది వినికిడి నిపుణులు పాటించే లెక్క. ఓఏఈ (చెవి లోపలి నుంచి తిరిగొచ్చే శబ్దాన్ని కొలిచేది), ఏబీఆర్ (శబ్దానికి వినికిడి నరం, మెదడు స్పందనను కొలిచేది) పరీక్షలు నొప్పి లేనివి, బిడ్డ నిద్రలో ఉండగానే అయిపోతాయి. పాటకు స్పందించలేదని కంగారు పడేవాళ్లకూ ఇదే జవాబు. ఊహించుకుంటూ కూర్చోకుండా పరీక్ష చేయించండి. కడుపు నిండి నిద్రమత్తులో ఉన్న బిడ్డ దేనికీ స్పందించకపోవచ్చు.

మిగతావి గబగబా. గర్భిణి పొట్ట మీద హెడ్‌ఫోన్లు పెట్టొద్దు. అమ్మ గొంతు అమ్మ ఒంట్లోంచే బిడ్డకు చేరుతుంది, అదే చాలు. శిశువుకు ఇయర్‌ఫోన్లు ఎంత చిన్నవైనా వద్దు. పాటతో పాటు కదిలే బొమ్మల వీడియోలూ వద్దు. ఏడాది లోపు పిల్లలకు తెర చూపించొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లోనే చెప్పింది. శాస్త్రీయం కాని పాటలు వింటే చెవి పాడవుతుందన్నది ఉత్త మాట.

"నా గొంతు బాగోదు" అంటూ వెనక్కి తగ్గేవాళ్లకు మాత్రం ఇంకొంచెం చెప్పాలి. 6 నుంచి 9 నెలల శిశువులతో చేసిన ఒక ప్రయోగంలో, తెలియని భాషలో పాట వింటూ వాళ్లు దాదాపు 9 నిమిషాలు ఏడవకుండా ఉన్నారు. మాటలు వింటూ ఉన్నది 4 నిమిషాలే. రికార్డు రెండు సార్లు విన్నాక ఆపేసి, అదే వరసను మీరు మెల్లగా కూనిరాగం తీయండి. శ్రుతి తప్పినా పట్టించుకోవద్దు.

వేళ విషయానికొస్తే, పాలు తాగి, గుడ్డ మార్చాక, మెలకువగా ఉన్నప్పుడు పది పదిహేను నిమిషాలు, రోజుకు రెండుసార్లు. ఎత్తుకునో, ఒళ్లో పడుకోబెట్టుకునో. మొదట అర నిమిషం ఏ శబ్దమూ లేకుండా ఉండండి. తర్వాత పాట మొదలుపెట్టి పాటను వదిలేసి బిడ్డ మొహం చూడండి. నచ్చినప్పుడు కళ్లు విప్పారి, చప్పరిస్తున్న నోరు ఆగిపోతుంది, కాళ్ల కదలిక నెమ్మదిస్తుంది. చాలనిపిస్తే మొహం తిప్పుకుంటుంది, ఎక్కిళ్లో ఆవలింతలో వస్తాయి, వీపు విల్లులా వంచుతుంది. అప్పుడు పాట మధ్యలోనైనా సరే, మెల్లగా తగ్గించి ఆపేయండి. మళ్లీ రేపు అక్కడి నుంచే.