టాక్టిక్ ముందా, టీమ్ ముందా?

ఫుట్‌బాల్ మేనేజర్ అంటే మనమే కోచ్‌గా కూర్చుని ఒక క్లబ్‌ను నడిపే కంప్యూటర్ గేమ్. హైదరాబాద్‌లో దాన్ని ఆడేవాళ్లు క్రికెట్ గేమ్‌లు ఆడేవాళ్లంత మంది ఉండరు. ఉన్న కొద్దిమందీ మాత్రం గట్టిగా ఆడతారు, అంతకంటే గట్టిగా వాదించుకుంటారు. వాదం ఎప్పుడూ ఒకటే. నెట్‌లో పేరున్న టాక్టిక్ (జట్టు ఎలా ఆడాలో చెప్పే ప్లాన్) ఒకటి డౌన్‌లోడ్ చేసుకుని దానికి సరిపడే ఆటగాళ్లను కొనాలా? లేక చేతిలో ఉన్న స్క్వాడ్‌కు, అంటే క్లబ్‌లోని ఆటగాళ్లకు, ఏం చేతనవునో చూసి దాన్ని బట్టి టాక్టిక్ కట్టుకోవాలా? 2025 నవంబర్‌లో ఫుట్‌బాల్ మేనేజర్ 26 వచ్చాక ఇది మళ్లీ రాజుకుంది. బంతి మన దగ్గరున్నప్పుడు ఒక ఫార్మేషన్, పోయినప్పుడు మరొకటి విడివిడిగా పెట్టుకోవాలి అందులో. ఏళ్ల తరబడి దాచుకున్న టాక్టిక్‌లను అలాగే ఎత్తి పెట్టడం ఇక కుదరదు.

నేను రెండో పక్షం. అయితే మొదటి పక్షంవాళ్లను బద్ధకస్తులని కొట్టిపారేయడం అన్యాయం. వాళ్లకు ఆ అలవాటు చేసింది ఆటే.

1982లో కెవిన్ టామ్స్ అనే బ్రిటిష్ ప్రోగ్రామర్ ఫుట్‌బాల్ మేనేజర్ పేరుతోనే ఒక చిన్న గేమ్ తెచ్చాడు. ఇప్పటి సిరీస్‌కూ దానికీ పేరు తప్ప చుట్టరికం లేదు. అందులో ఆటగాడి నైపుణ్యానికి ఒక అంకె, ఓపికకు ఒక అంకె. పెద్ద అంకెలున్నవాళ్లను బరిలోకి దింపడమే వ్యూహం. ఇప్పటి సిరీస్ మూలం 1992లో ఉంది. పాల్, ఆలివర్ కాల్యర్ అనే అన్నదమ్ములు ఇంట్లో కూర్చుని రాసిన ఛాంపియన్‌షిప్ మేనేజర్ ఆ ఏడాది విడుదలైంది. మొదట్లో ఆటగాళ్ల పేర్లు కూడా కల్పితాలే, అసలు పేర్లు తర్వాతి ఎడిషన్‌లో వచ్చాయి. మ్యాచ్ అంటే తెర మీద మారుతూ పోయే కామెంటరీ వాక్యాలు. వాటిని చూస్తూ టెన్షన్ పడినవాళ్లకే ఆ మజా తెలుసు.

2001లో వచ్చిన ఛాంపియన్‌షిప్ మేనేజర్ 01/02 దగ్గర కొంచెం ఆగాలి. దాన్ని ఇప్పటికీ ఆడేవాళ్లున్నారు. గ్రాఫిక్స్ బరువు లేదు కాబట్టి పాత కంప్యూటర్ మీద కూడా నడిచేది. అప్పట్లో మన దగ్గర కంప్యూటర్ అంటే చాలామందికి సికింద్రాబాద్ సీటీసీలో విడిభాగాలు కొని బిగించుకున్నదే, కాబట్టి ఇది చిన్న సంగతి కాదు. ఆ గేమ్‌లో బంతి ఉన్నప్పుడు, లేనప్పుడు అని రెండు తెరలుండేవి. బంతి మైదానంలో ఏ గడిలో ఉంటే ఎవరు ఎక్కడ నిలబడాలో ఆటగాణ్ని మౌస్‌తో లాగి పెట్టొచ్చు. వినడానికి కోచ్‌కు పూర్తి స్వేచ్ఛ ఇచ్చినట్టే ఉంటుంది. జరిగింది వేరు. కంప్యూటర్ నడిపే జట్లు కాపలా కాయని ఖాళీ ఒక్కటి కనిపెడితే చాలు, అక్కడికి మనిషిని పంపితే గోల్స్ వరద. స్ట్రైకర్ ఎవరన్నది పెద్దగా పట్టింపు లేదు. అలాంటి టాక్టిక్ ఫైళ్లు చేతులు మారేవి.

2003లో వచ్చిన నాలుగో ఛాంపియన్‌షిప్ మేనేజర్‌లో మ్యాచ్ చుక్కల రూపంలో పైనుంచి కనిపించసాగింది. ఆ తర్వాత గేమ్ తయారుచేసే స్పోర్ట్స్ ఇంటరాక్టివ్, దాన్ని అమ్మే ఈడోస్ విడిపోయాయి. పేరు ఈడోస్‌కు, కోడ్ స్పోర్ట్స్ ఇంటరాక్టివ్‌కు మిగిలాయి. 2004 చివర్లో సేగా ద్వారా ఫుట్‌బాల్ మేనేజర్ 2005 బయటికొచ్చింది. అప్పుడు టాక్టిక్ అంటే స్లైడర్లు: మెంటాలిటీ ఇన్ని గీతలు, టెంపో ఇన్ని గీతలు. మూడు గీతలు అటు జరిపితే ఏమవుతుందో ఎవరూ ఖచ్చితంగా చెప్పలేరు. తెలియనప్పుడు తెలిసినవాడి ఫైల్ తెచ్చుకోవడం సహజం.

2010 ఎడిషన్ దీన్ని మార్చింది. స్లైడర్ల మీద ఆటగాళ్ల రోల్స్ (మైదానంలో ఎవరు ఏ పని చేయాలన్నది) అనే పొర వేసింది. టార్గెట్ మ్యాన్, పోచర్, బాల్ విన్నింగ్ మిడ్‌ఫీల్డర్ వంటి మాటలతో ఆలోచించడం మొదలైంది. 2014 ఎడిషన్‌లో స్లైడర్లు పూర్తిగా పోయాయి. నా లెక్కలో స్క్వాడ్‌ను బట్టి ఆడే పద్ధతికి అసలు తలుపు తెరిచింది ఇదే, ఎందుకంటే రోల్ అంటే ఒక మనిషిని చూసి వేసుకునే ప్రశ్న. అయితే 2019 ఎడిషన్ గెగెన్‌ప్రెస్ (బంతి పోగానే ప్రత్యర్థి మీద పడటం), టికీటాకా (పొట్టి పాస్‌లతో బంతిని తిప్పడం) లాంటి స్టైల్స్‌ను రెడీమేడ్‌గా మెనూలోనే పెట్టేసింది. దించుకోవడం కూడా అక్కర్లేకపోయింది.

గెగెన్‌ప్రెస్ చిన్న క్లబ్‌లో ఎందుకు బెడిసికొడుతుందో ఆటగాడి ప్రొఫైల్‌లోనే రాసి ఉంటుంది. గోల్‌కీపర్ కానివాడికి కనిపించే గుణాలు 36, ఒక్కోదానికి 1 నుంచి 20 దాకా అంకె. బంతి పోయిన మరుక్షణం మీద పడాలంటే స్టామినా, వర్క్ రేట్, టీమ్‌వర్క్ కావాలి. డిఫెన్స్ లైన్ పైకి జరపాలంటే వెనక్కి పరుగెత్తగల పేస్ కావాలి. ఇవి లేని జట్టుకు ఆ బటన్ నొక్కితే 70వ నిమిషానికి అందరి కాళ్లూ నేలకు అతుక్కుంటాయి. చూడాల్సింది ఆ అంకె ఎంత అని కాదు, మన జట్టు ఆడే లీగ్‌లో అది ఎక్కువా తక్కువా అని. హెడింగ్ 13 ఇంగ్లండ్ ప్రీమియర్ లీగ్‌లో మామూలు సంగతి, మన ఇండియన్ సూపర్ లీగ్ (ఐఎస్ఎల్)లో ఆయుధం.

ఈ మాట చెప్పడానికి హైదరాబాదీకి యూరప్ ఉదాహరణలు అక్కర్లేదు. ఊళ్లోనే కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం ఉండేవారు. వృత్తిరీత్యా టీచర్. ఆయన తీర్చిదిద్దిన హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదేళ్లు రోవర్స్ కప్ గెలిచింది. ఆయన కోచ్‌గా ఇండియా 1951, 1962 ఏషియన్ గేమ్స్ స్వర్ణాలు తెచ్చుకుంది, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచింది. 1958 ప్రపంచకప్‌లో బ్రెజిల్ పేరు తెచ్చిపెట్టిన 4-2-4 (నలుగురు డిఫెండర్లు, ఇద్దరు మిడ్‌ఫీల్డర్లు, నలుగురు ఫార్వర్డ్‌లు) ఫార్మేషన్‌ను రహీం అంతకుముందే ఆడించారని పాతకాలపు అభిమానులు పట్టుబట్టి చెబుతారు. ఎవరు ముందు అన్న పంచాయితీ నాకు అంత ముఖ్యం కాదు. దానికి ఆయన మనుషుల్ని ఎలా సిద్ధం చేశారన్నది ముఖ్యం. బలహీనమైన కాలితోనే ఆడాలని కొన్ని పోటీలు, డ్రిబ్లింగ్ చేయకూడదని కొన్ని పోటీలు పెట్టేవారు. ఈ గేమ్‌లో కూడా ప్రతి ఆటగాడికీ కుడికాలు, ఎడమకాలు ఎంత బలమో విడిగా ఉంటుంది. చాలామంది అటువైపు చూడనే చూడరు.

1962 జకార్తా ఏషియన్ గేమ్స్ కథ ఇంకా గట్టిది. మొదటి మ్యాచ్‌లోనే దక్షిణ కొరియా చేతిలో 2-0తో ఓటమి. థాయ్‌లాండ్ మ్యాచ్‌లో డిఫెండర్ జర్నైల్ సింగ్ తలకు దెబ్బ తగిలి కుట్లు పడ్డాయి. రహీం సెమీఫైనల్‌లో అదే జర్నైల్‌ను సెంటర్ ఫార్వర్డ్‌గా దింపారు. గేమ్‌లో అయితే ఆ స్థానం పక్కన ఎర్ర గుర్తు పడేది. జర్నైల్ సెమీఫైనల్‌లో దక్షిణ వియత్నాం మీద గోల్ కొట్టాడు, సెప్టెంబర్ 4న ఫైనల్‌లో మళ్లీ కొట్టాడు. మొదటి గోల్ పీకే బెనర్జీది. కొరియా మీద 2-1. ముందు వరసలో బెనర్జీ, చునీ గోస్వామి, మన అమ్ముగూడ తులసీదాస్ బలరాం ఉండగా ఇంకో సొగసైన పాసర్ అక్కర్లేదు, గాలిలో బంతి గెలిచే మొండివాడు కావాలి. జర్నైల్ ఖాళీ చేసిన స్టాపర్ (డిఫెన్స్ మధ్యలో నిలబడేవాడు) స్థానాన్ని అరుణ్ ఘోష్ చూసుకున్నాడు. స్క్వాడ్‌లో ఏముందో తెలిసినవాడు మాత్రమే వేయగల ఎత్తు ఇది. మరుసటి ఏడాది జూన్‌లో రహీం క్యాన్సర్‌తో కన్నుమూశారు.

కుర్రవాళ్లకు ఈ పేర్లు దూరం అనిపిస్తే 2021–22 ఐఎస్ఎల్ ఉంది. మొదటి సీజన్‌లో అట్టడుగున నిలిచిన హైదరాబాద్ ఎఫ్‌సీ రెండేళ్లకు మనోలో మార్కెజ్ కోచింగ్‌లో ట్రోఫీ ఎత్తింది. ముందు వరసలో 37 ఏళ్ల స్ట్రైకర్ ఒగ్బెచే, 18 గోల్స్‌తో లీగ్ టాప్ స్కోరర్. ఆ వయసువాణ్ని మ్యాచంతా డిఫెండర్ల వెంట పరుగెత్తమంటే పెనాల్టీ బాక్స్‌లో ఊపిరి మిగలదు. పక్కన ఆకాశ్ మిశ్రా, ఆశిష్ రాయ్ లాంటి కుర్ర ఫుల్‌బ్యాక్‌ల కాళ్లున్నాయి కదా. ఫైనల్‌లో కేరళ బ్లాస్టర్స్‌తో 1-1, ఆపై షూటౌట్‌లో గోల్‌కీపర్ కట్టిమణి నిలబెట్టాడు. ఆ క్లబ్ తర్వాత డబ్బు ఇబ్బందుల్లో పడి, 2025లో ఢిల్లీకి తరలి పేరు కూడా మార్చుకుంది. అది వేరే బాధ.

ఆ కాలపు ఎడిషన్‌లో హైదరాబాద్‌తో కొత్త ఆట (సేవ్) మొదలుపెట్టేవాడికి నేను చెప్పేది ఇదే. ముందు స్క్వాడ్ తెర తెరిచి, లీగ్ సగటు కంటే స్పష్టంగా మెరుగైన ముగ్గురిని వెతుకు. వాళ్ల రోల్స్ ముందు ఖాయం చెయ్. ఒగ్బెచే లాంటివాడు ఉంటే ప్రెసింగ్ భారం వెనక మిడ్‌ఫీల్డర్ల మీద వెయ్, క్రాస్‌లు ఫుల్‌బ్యాక్‌ల నుంచి రప్పించు. డిఫెండర్లు నెమ్మదైతే లైన్ కిందికి దించు, మిగతా టాక్టిక్ ఎంత ఆధునికమైనా సరే. మిగిలిన స్థానాల్లో ఎవరు తక్కువ తప్పులు చేస్తారో వాళ్లు చాలు.

26వ ఎడిషన్ ఈ పనిని మరింత విడమరిచింది. బంతి ఉన్నప్పుడు వింగర్, లేనప్పుడు వెనక్కి వచ్చి కాపలా కాసేవాడు ఒక్కడే కావచ్చు, కాకనూ పోవచ్చు. 01/02 నాటి రెండు తెరలే వేరే రూపంలో తిరిగొచ్చాయని పాత ఆటగాళ్లు సంబరపడ్డారు. ఈసారైనా జనం సొంతంగా కట్టుకుంటారని నేనూ ఆశపడ్డాను. రెడీమేడ్ ఫైళ్లు మాత్రం ఆగలేదు. ఇదివరకు ఒక ఫార్మేషన్ దించుకునేవాళ్లు, ఇప్పుడు రెండు దించుకుంటున్నారు.