ఎవరూ వెళ్ళకుండానే నక్షత్రాల దూరం కొలిచారు

పిల్లలూ,

ఆండ్రోమెడా గెలాక్సీ 25 లక్షల కాంతి సంవత్సరాల (వెలుగు ఒక ఏడాదిలో పోయే దూరం ఒక కాంతి సంవత్సరం) దూరంలో ఉందని పుస్తకంలో వేశారు, అంత దూరం ఎవరు వెళ్ళి కొలిచారు తాతయ్యా అని మొన్న ఫోన్‌లో అడిగారు కదా. ఫోన్‌లో తేలే సంగతి కాదని అప్పుడు ఊరుకున్నాను. ఎవరూ వెళ్ళలేదు. అక్కణ్ణుంచి మన దాకా వచ్చేది వెలుగు ఒక్కటే, దాన్ని పట్టుకునే లెక్క కట్టారు. కాకపోతే ఒకే లెక్కతో అక్కడిదాకా పోలేం. ముందు దగ్గరివి కొలవాలి, వాటి ఆధారంగా ఇంకొంచెం దూరానివి, వాటి ఆధారంగా ఇంకా దూరానివి. మొదట్లో తప్పు దొర్లితే చివరిదాకా తప్పే. అలా ఒకసారి జరిగింది కూడా, చెప్తాను.

చందమామతో ఇబ్బందేమీ లేదు. 1969లో అపోలో 11 వాళ్ళు వెలుగును వెనక్కి తిప్పి పంపే అద్దాల పలక ఒకటి అక్కడ పెట్టి వచ్చారు. ఇక్కణ్ణుంచి లేజర్ వేస్తే రెండున్నర సెకన్లలో తిరిగొస్తుంది, వెలుగు వేగం తెలుసు కాబట్టి దూరం తెలిసిపోతుంది. మన చంద్రయాన్-3 విక్రమ్ మీద కూడా అలాంటిదే చిన్నది ఉంది. నక్షత్రాలకు ఇది కుదరదు. అన్నిటికంటే దగ్గరి దానికే వెలుగు చేరడానికి నాలుగేళ్ళు దాటుతుంది, పైగా అక్కడ అద్దం పెట్టేదెవరు?

ఇప్పుడు ఒక పని చెయ్యండి. చెయ్యి ముందుకు చాపి బొటనవేలు నిలబెట్టి, ఒకసారి ఎడమ కన్ను, ఒకసారి కుడి కన్ను మూసి చూడండి. వెనక గోడ మీద వేలు అటూ ఇటూ జరిగినట్టు కనిపిస్తుంది, వేలు దగ్గరికి తెచ్చుకుంటే ఇంకా ఎక్కువ జరుగుతుంది. దీన్నే పారలాక్స్ అంటారు. రెండు కళ్ళ మధ్య దూరం నక్షత్రాలకు ఏ మూలకీ చాలదు కాబట్టి ఖగోళ శాస్త్రవేత్తలు భూమి తిరగడాన్నే వాడుకున్నారు. జనవరిలో ఒకసారి, జులైలో ఒకసారి ఫొటో తీస్తే ఆ రెండు చోట్ల మధ్య దూరం దాదాపు 30 కోట్ల కిలోమీటర్లు. దగ్గరి నక్షత్రం వెనకాల ఉన్న దూరపు నక్షత్రాల మధ్య కొంచెం జరిగినట్టు కనిపిస్తుంది.

కొంచెం అంటే ఎంత? చాపిన చేతి చివర చిటికెన వేలు వెడల్పు ఆకాశంలో సుమారు ఒక డిగ్రీ. దాన్ని 3600 ముక్కలు చెయ్యండి, అందులో ఒక ముక్కకి మూడో వంతు. 1838లో జర్మన్ శాస్త్రవేత్త బెస్సెల్ 61 సిగ్నీ అనే నక్షత్రానికి కట్టిన పారలాక్స్ అంతే! అది సుమారు 11 కాంతి సంవత్సరాల దూరంలో ఉంది. నిజానికి హెండర్సన్ అనే ఆయన దక్షిణాఫ్రికా నుంచి ఆల్ఫా సెంటారీని అంతకంటే ముందే కొలిచాడు, కానీ తన లెక్క మీద తనకే నమ్మకం చాలక బయటపెట్టడం ఆలస్యం చేశాడు, పేరు బెస్సెల్‌కి పోయింది. నాకైతే హెండర్సన్ అంటేనే ఎక్కువ ఇష్టం.

మన ఊళ్ళోనూ ఇలాంటి ఓపికైన పని జరిగింది. హైదరాబాద్‌లో బేగంపేట దగ్గర నిజామియా అబ్జర్వేటరీ ఉండేది. మొత్తం ఆకాశాన్ని ముక్కలుగా పంచుకుని ప్రపంచంలోని అబ్జర్వేటరీలు ఫొటోలు తీసే పెద్ద పని పెట్టుకున్నప్పుడు ఒక వాటా దానికి వచ్చింది. గాజు ప్లేట్ల మీద ఫొటోలు తీసి, ఒక్కో చుక్క ఎక్కడుందో మనుషులే కొలిచి, 7 లక్షలకు పైగా నక్షత్రాల స్థానాలు రాశారు. దశాబ్దాల తర్వాత యూరప్ వాళ్ళ హిప్పార్కస్ ఉపగ్రహం చూసిన స్థానాలను ఈ పాత పట్టికలతో పోల్చి, ఏ నక్షత్రం ఎటు కదులుతోందో తేల్చారు, అది 2000లో టైకో-2 పేరుతో వచ్చింది. ఎప్పుడో రాసిన అంకెలు అలా పనికొచ్చాయి.

పారలాక్స్ కొంత దూరం వరకే. ఆ పైన జరగడం మరీ చిన్నదైపోయి దొరకదు. అక్కడ దారి చూపించింది హెన్రియెటా లెవిట్. అమెరికాలో హార్వర్డ్ అబ్జర్వేటరీలో ఆ రోజుల్లో టెలిస్కోప్ దగ్గర పని మగవాళ్ళది, ప్లేట్లు చూసి లెక్కలు కట్టేది ఆడవాళ్ళు, లెవిట్ జీతం గంటకి 30 సెంట్లు. ఆమెకు చెవులు కూడా సరిగా వినపడవు. వెలుగు పెరుగుతూ తగ్గుతూ ఉండే సెఫీడ్ అనే రకం నక్షత్రాలను చిన్న మెగలానిక్ మేఘంలో (పేరుకే మేఘం, అదొక చిన్న గెలాక్సీ) 25 చూసి, 1912లో ఒక మాట తేల్చింది: ఎంత నెమ్మదిగా పెరిగి తగ్గితే అంత ప్రకాశవంతమైనది. అవన్నీ ఒకే మేఘంలో ఉన్నాయి, అంటే మన నుంచి దాదాపు ఒకే దూరం, కాబట్టి ఒకటి ఎక్కువ, ఒకటి తక్కువ వెలుగుతోందంటే అది నిజంగా తేడాయే, దూరం వల్ల వచ్చింది కాదు. ఈ ఒక్క ఆలోచనకే ఆమెకు దండం పెట్టాలి.

వీధి చివర వెలిగే బల్బు ఎన్ని వాట్లదో తెలిస్తే, ఇక్కడికి ఎంత మసకగా కనిపిస్తోందో చూసి అది ఎంత దూరమో చెప్పొచ్చు, ఎందుకంటే దూరం రెట్టింపైతే వెలుగు నాలుగో వంతుకు పడిపోతుంది. దగ్గరి సెఫీడ్లు కొన్నిటి దూరం ముందే కట్టుకుంటే, ఆ పైన ఏ సెఫీడ్ అయినా ఎన్ని రోజులకోసారి పెరిగి తగ్గుతోందో చూస్తే దాని వాట్లు తెలిసిపోయినట్టే.

1923 అక్టోబర్‌లో అమెరికా శాస్త్రవేత్త హబుల్, కాలిఫోర్నియాలో మౌంట్ విల్సన్ కొండ మీద 100 అంగుళాల టెలిస్కోప్‌తో ఆండ్రోమెడాలో ఒక చుక్కను చూసి, నోవా (ఉన్నట్టుండి బాగా వెలిగే నక్షత్రం) అనుకుని ప్లేటు మీద ఎన్ అని రాసి, తర్వాత కొట్టేసి పక్కన 'వార్!' అని రాశాడు, అంటే వెలుగు మారే నక్షత్రం. అది సెఫీడే. లెక్క కడితే సుమారు 9 లక్షల కాంతి సంవత్సరాలు! అది మన పాలపుంతలోది కాదు, వేరే గెలాక్సీ అని తేలిపోయింది.

మరి మీ పుస్తకంలో 25 లక్షలు ఎలా అయింది? ఇందాక చెప్పిన తప్పు ఇదే. రెండో ప్రపంచ యుద్ధంలో లాస్ ఏంజెలెస్ దీపాలు ఆర్పేసినప్పుడు మౌంట్ విల్సన్ మీద ఆకాశం నల్లగా దొరికింది. అక్కడ పనిచేసే శాస్త్రవేత్త వాల్టర్ బాడే జర్మన్ కాబట్టి ఆయన్ని యుద్ధం పనుల్లోకి తీసుకోలేదు, హాయిగా ఆండ్రోమెడాని చూస్తూ కూర్చున్నాడు. అలా మొదలుపెట్టి చివరికి సెఫీడ్లు రెండు రకాలని, హబుల్ లెక్కలో అవి కలిసిపోయాయని 1952లో చెప్పాడు. ఆ ఒక్క మాటతో గెలాక్సీల దూరాలన్నీ రెట్టింపయ్యాయి. తర్వాత ఇంకా సరిచేస్తూ 25 లక్షలకు వచ్చారు.

మన ఖగోళ శాస్త్రవేత్త వేణు బప్పు గురించి కూడా చెప్పాలి. వాళ్ళ నాన్న నిజామియాలో పనిచేస్తే, బప్పు హైదరాబాద్‌లో పెరిగి హార్వర్డ్ దాకా వెళ్ళాడు. నక్షత్రం వెలుగును రంగులుగా విడదీస్తే కాల్షియం దగ్గర కనిపించే ఒక గీత ఎంత వెడల్పుంటే ఆ నక్షత్రం అంత ప్రకాశవంతమైనదని 1957లో ఆయనా, విల్సన్ అనే ఆయనా కలిసి చూపించారు. అంటే బల్బు వాట్లు చదవడానికి ఇంకో దారి. తమిళనాడులో కావలూరు టెలిస్కోప్‌కి ఆయన పేరే పెట్టారు.

ఇప్పుడు గయా ఉపగ్రహం 2013 చివర్లో పైకెళ్ళి 2025 జనవరి దాకా దాదాపు 200 కోట్ల నక్షత్రాలను గమనించింది. పారలాక్స్ ఇంతకు ముందెప్పుడూ లేనంత పక్కాగా దొరికింది. అయినా గొడవ తీరలేదు. విశ్వం ఎంత వేగంగా విస్తరిస్తోందో సెఫీడ్ల మీదుగా లెక్క కడితే, సుమారు 33 లక్షల కాంతి సంవత్సరాల దూరానికి సెకనుకు 73 కిలోమీటర్ల దగ్గర వస్తోంది, విశ్వం మొదట్లోని వెలుగును బట్టి కడితే 67 దగ్గర వస్తోంది. ఏది సరైనదో ఇంకా తేలలేదు. మీలో ఎవరికైనా లెక్కలంటే ఇష్టముంటే పని ఖాళీగానే ఉంది.

ఈసారి సెలవులకు వస్తే బైనాక్యులర్ తీసి ఉంచుతాను.

మీ తాతయ్య