ఫైలుంది సరే, తెరుచుకుంటుందా? ఎలక్ట్రానిక్ రికార్డులపై అపోహలు - వాస్తవాలు

చెన్నైలో తెలుగు సంఘాలు, ట్రస్టులు మినిట్స్ పుస్తకాలను, సభ్యత్వ రిజిస్టర్లను కంప్యూటర్‌కి ఎక్కించే పనిలో ఉన్నాయి. ఆ పనిలో తరచూ వినపడే మాటలివి.

అపోహ: పీడీఎఫ్ చేసేశాం, ఇక ఢోకా లేదు.
వాస్తవం: మామూలు పీడీఎఫ్‌లో ఫాంట్ ఉండొచ్చు, ఉండకపోవచ్చు. దీర్ఘకాలం దాచడానికని రూపొందించిన పీడీఎఫ్ రకం పీడీఎఫ్/ఏ (ఐఎస్ఓ 19005 ప్రమాణం). అందులో ఫాంట్లన్నీ ఫైల్లోనే ఉండి తీరాలి, పాస్‌వర్డ్ పెట్టడానికి వీల్లేదు. మన రికార్డులకు ఇంకో చిక్కుంది. పేజీలు కూర్చే పాత సాఫ్ట్‌వేర్ పేజ్‌మేకర్‌లో, ‘అను’ అనే తెలుగు ఫాంట్లతో కొట్టిన ఫైళ్లలో ఉన్నవి అసలు తెలుగు అక్షరాలే కావు, ఇంగ్లిష్ కోడ్లకు తొడిగిన తెలుగు రూపాలు. ఆ ఫాంట్ లేని సిస్టమ్‌లో తెరిస్తే పిచ్చి గుర్తులే. పీడీఎఫ్/ఏ చేస్తే కంటికి తెలుగు కనిపిస్తుంది గానీ, ‘తీర్మానం’ అని టైపు చేసి వెతికితే ఒక్కటీ దొరకదు. కాబట్టి మూడూ దాచండి: అసలు ఫైలు, పీడీఎఫ్/ఏ, యూనికోడ్‌లోకి (తెలుగు అక్షరాలకు సొంత కోడ్లున్న పద్ధతి) మార్చిన టెక్స్ట్. అలా మార్చిపెట్టే కన్వర్టర్లు ఒత్తుల దగ్గర తడబడతాయి, మధ్యలో ఇంగ్లిష్ మాటలొస్తే వాటినీ తెలుగనుకుని మార్చేస్తాయి. పేర్లూ మొత్తాలూ మనిషి కూర్చుని సరిచూడాల్సిందే.

అపోహ: రెండు హార్డ్‌డిస్కుల్లో ఉంది.
వాస్తవం: రెండూ ఒకే బీరువాలో ఉంటే ఒకటి కిందే లెక్క. 2015 డిసెంబరు వరద చూసిన ఊరికి వేరే చెప్పాలా? మూడు కాపీలు, రెండు రకాల మాధ్యమాలు, ఒకటి వేరే ఊళ్లో. తిరుపతిలో ఉన్న సభ్యుడి ఇల్లయినా సరే. ఎస్ఎస్‌డీని (తిరిగే పళ్లెం లేని, చిప్‌లతో పనిచేసే డిస్కు) మాత్రం కరెంటివ్వకుండా ఏళ్ల తరబడి పడేయొద్దు. అందులో డేటా విద్యుదావేశంగా నిలుస్తుంది, అది మెల్లగా కారిపోతుంది. వేడి గదిలో ఇంకా త్వరగా.

అపోహ: క్లౌడ్‌లో ఉందిగా!
వాస్తవం: సింక్ (రెండు చోట్లా ఒకేలా ఉంచడం) వేరు, బ్యాకప్ (విడిగా దాచిన కాపీ) వేరు. సింక్‌లో ఇక్కడ చెరిపితే అక్కడా పోతుంది. గూగుల్ డ్రైవ్ ట్రాష్‌లో ఆగేది 30 రోజులే. పైగా ఖాతా మాజీ కార్యదర్శి సొంత మెయిల్ మీద ఉంటే, ఆయన అలిగిన రోజున తాళంచెవి కూడా పోయినట్టే.

అపోహ: ఈమెయిల్ ప్రింట్ తీసి ఫైల్ చేశాం, చాలు.
వాస్తవం: 2000 నాటి ఐటీ చట్టం సెక్షన్ 7 ఎక్కడి నుంచి, ఎక్కడికి, ఏ తేదీన, ఏ సమయానికి అన్న వివరాలూ నిలిచి ఉండాలంటుంది. ఆ వివరాలుండే పూర్తి హెడర్ ప్రింట్‌లో రాదు. మెయిల్‌ని హెడర్‌తో సహా దాచే ఈఎంఎల్ ఫైలుగా దించుకోండి.

అపోహ: కాపీ అయింది, సైజు కూడా సరిపోయింది.
వాస్తవం: సైజు మారకుండానే లోపల బిట్లు చెడొచ్చు. విండోస్‌లోనే ఉన్న సర్ట్‌యుటిల్ కమాండ్‌తో ప్రతి ఫైలుకూ ఎస్‌హెచ్‌ఏ-256 విలువ (ఫైలుకు వేలిముద్ర లాంటిది, లోపల ఒక్క బిట్ మారినా మారిపోతుంది) తీయండి. అంకెలూ ఇంగ్లిష్ అక్షరాలూ కలిపి 64 వస్తాయి. ఆ జాబితాను ప్రతి కాపీ పక్కనా పెట్టి, ఏడాదికోసారి మళ్లీ తీసి పోల్చండి. తేడా వస్తే ముందు మిగతా రెండు కాపీలు చూసి, ఏది మంచిదో తేల్చుకున్నాకే దాన్నుంచి తెచ్చుకోండి. కంగారులో చెడినదాన్నే మంచిదాని మీదకు ఎక్కించేస్తుంటారు.