టర్కీ ఫుట్‌బాల్: అపోహలు - వాస్తవాలు

నా పని మ్యాచ్ ట్యాగింగ్. అంటే వీడియో చూస్తూ ఎవరు ఎవరికి పాస్ ఇచ్చారు, బాల్ ఎక్కడ పోయింది, షాట్ ఎక్కడ్నించి కొట్టారు, అన్నీ సెకన్లతో సహా ఎక్కించడం. హైదరాబాద్‌లో కూర్చుని టర్కీ లీగ్ చేస్తుంటా, అక్కడ రాత్రి ఎనిమిదికి మొదలైతే మనకి పదిన్నర, అయిపోయేసరికి అర్ధరాత్రి దాటిపోతుంది. టర్కీ అనగానే మనవాళ్లు పొగ, అరుపులు, వయసైపోయిన స్టార్లు, ఇంతే అని తేల్చేస్తారు. ఆ ఆటని ఆపి ఆపి, వెనక్కి తిప్పి తిప్పి చూసేవాణ్ణి కదా, ఆ మాట వింటే నాకు నిజంగా బాధేస్తుంది.

అపోహ: అక్కడ గోలే గానీ ఆట లేదు.

గోల ఉంది, కాదనను. 2011లో ఇస్తాంబుల్ క్లబ్ గలాతసరాయ్ స్టేడియంలో 131.76 డెసిబెల్స్‌తో గిన్నిస్ రికార్డే కొట్టారు. కానీ ఆ గోలకి ఒక పద్ధతుంది. అవతలి టీమ్ కాళ్లకి బాల్ తగిలిందంటే చాలు స్టేడియం మొత్తం ఈలలు, సొంత టీమ్ లాక్కుందంటే ఈల ఆగి అరుపు మొదలు. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని కళ్లు మూసుకున్నా బాల్ ఎవరి దగ్గరుందో నాకు తెలిసిపోతుంది.

ఇంకోటి, అది మగాళ్ల గోల మాత్రమే అనుకుంటారు. 2011 సెప్టెంబర్ 20న ఇస్తాంబుల్‌దే ఇంకో క్లబ్ ఫెనెర్‌బాచె, మనిసాస్పోర్‌తో ఆడిన మ్యాచ్ చూడండి. అంతకుముందు ఫ్యాన్స్ గ్రౌండ్‌లోకి దూకినందుకు శిక్షగా మగవాళ్లని రానివ్వలేదు, ఆడవాళ్లకీ పన్నెండేళ్లలోపు పిల్లలకీ ఫ్రీ ఎంట్రీ ఇచ్చారు. 41 వేలకి పైనే వచ్చారు! ప్లేయర్లు వాళ్లకి పూలు విసిరారు. వచ్చినవాళ్లు ఏదో చూసిపోదామని వచ్చినవాళ్లు కాదు, పాటలన్నీ నోటికొచ్చు.

అపోహ: 2002 వరల్డ్ కప్‌లో మూడో స్థానం గాలివాటంగా వచ్చింది.

ఈ ఒక్కదాని మీద నేను ఎంతసేపైనా వాదిస్తా. రెండేళ్లు వెనక్కెళ్లండి, 2000 మే 17, కోపెన్‌హాగన్, యూరప్ క్లబ్బులు ఆడే యూఈఎఫ్ఏ కప్ ఫైనల్, గలాతసరాయ్ వర్సెస్ ఇంగ్లండ్ క్లబ్ ఆర్సెనల్. ఎక్స్‌ట్రా టైమ్‌లో గలాతసరాయ్ ప్లేయర్ హాజీకి రెడ్ కార్డ్, పది మందే మిగిలారు. కెప్టెన్ బులెంట్ కోర్క్‌మాజ్‌కి భుజం జారిపోయింది, కట్టు కట్టించుకుని మళ్లీ వచ్చి ఆడాడు, గోల్ పడనివ్వలేదు. పెనాల్టీల్లో 4-1. ఆ ఆగస్టులోనే సూపర్ కప్‌లో రియల్ మాడ్రిడ్‌ని 2-1తో కొట్టారు. ఈ జట్టులోంచే హకన్ షుకుర్, బులెంట్, ఉమిత్ దావాలా, హసన్ షాష్ వాళ్లంతా 2002కి వెళ్లారు. అంటే ఏళ్ల తరబడి కలిసి ఆడినవాళ్లు, అప్పటికప్పుడు పోగేసిన టీమ్ కాదు. జపాన్‌ని వాళ్ల దేశంలోనే ఓడించారు, సెనెగల్‌ని గోల్డెన్ గోల్‌తో (ఎక్స్‌ట్రా టైమ్‌లో ముందు గోల్ కొట్టినవాళ్లదే గెలుపు), ఆఖర్న మూడో స్థానం మ్యాచ్‌లో దక్షిణ కొరియా మీద షుకుర్ పదకొండో సెకనుకే గోల్ కొట్టాడు, వరల్డ్ కప్ చరిత్రలో అంత తొందరగా ఇంకెవరూ కొట్టలేదు. వాళ్లని ఆపింది బ్రెజిల్ ఒక్కటే, గ్రూప్‌లో ఒకసారి, సెమీస్‌లో ఒకసారి.

ఆ తర్వాత 2006 నుంచి 2022 దాకా ఐదు వరల్డ్ కప్పులకి క్వాలిఫై కాలేదు, అది నిజం, టర్కీ అభిమానికి అది ఇప్పటికీ నొప్పే. కానీ మధ్యలో యూరో 2008 సెమీస్ ఉంది, అక్కడికి చేరేముందు గ్రూప్ మ్యాచ్‌లో చెక్ మీద రెండు గోల్స్ వెనకబడి చివరి పావుగంటలో మూడు కొట్టారు, గోల్‌కీపర్‌కి రెడ్ కార్డ్ పడితే ఫార్వర్డ్ తున్జాయ్ గ్లవ్స్ వేసుకుని గోల్‌లో నిలబడ్డాడు.

అపోహ: అది రిటైర్మెంట్ లీగ్.

వయసైపోయాక వచ్చేవాళ్లు ఉన్నారు. అయితే నైజీరియా స్ట్రైకర్ ఒసిమెన్‌ని గలాతసరాయ్ 2025లో 75 మిలియన్ యూరోలకి కొన్నప్పుడు అతనికి 26. అటునుంచి చూస్తే, అంకారా కుర్రాడు అర్దా గులెర్ పద్దెనిమిదేళ్లకే ఫెనెర్‌బాచె నుంచి రియల్ మాడ్రిడ్ వెళ్లాడు.

అపోహ: నేషనల్ టీమ్ అంతా జర్మనీలో పుట్టినోళ్లే.

సగం సగం. చల్హానోలు మాన్‌హైమ్‌లో, కెనాన్ యిల్డిజ్ రేగన్స్‌బర్గ్‌లో పుట్టారు. కూలి పనులకి వలసెళ్లిన తాతల మనవళ్లు చాలామంది ఇలా వస్తారు, కొందరేమో ఓజిల్ లాగా జర్మనీకే ఆడతారు. కానీ గులెర్ లాంటోళ్లు టర్కీ మట్టిలోనే ఆట నేర్చుకున్నారు.

అపోహ: ఇస్తాంబుల్ మూడు క్లబ్బులు (గలాతసరాయ్, ఫెనెర్‌బాచె, బెషిక్తాష్) తప్ప ఇంకేం లేదు.

టైటిళ్ల లెక్క చూస్తే అలాగే అనిపిస్తుంది. 1959 నుంచి లీగ్ గెలిచిన క్లబ్బులు ఆరే. కానీ ట్రాబ్జాన్‌స్పోర్‌ని పక్కన పెట్టి ఈ లీగ్ గురించి మాట్లాడకండి ప్లీజ్. నల్ల సముద్రం ఒడ్డున ఊరు, 1967లో పుట్టిన క్లబ్, 1976 నుంచి 1984 లోపు ఆరుసార్లు ఛాంపియన్. ఆ జట్టు గోల్‌కీపర్ షెనోల్ గునెష్, 2002లో టర్కీ కోచ్ కూడా ఆయనే. తర్వాత టైటిల్ కోసం 38 ఏళ్లు ఆగారు, 2022లో దక్కింది.

వాళ్ల మ్యాచ్ మొదటిసారి ట్యాగ్ చేస్తున్నప్పుడు సెకండాఫ్‌లో ఉన్నట్టుండి స్టేడియం ఊగిపోయింది. స్క్రీన్ మీద చూస్తే మామూలు త్రో-ఇన్. ఏదైనా మిస్సయ్యానేమో అని మూడుసార్లు వెనక్కి తిప్పా, ఏమీ లేదు. క్లాక్ చూస్తే 61వ నిమిషం. ట్రాబ్జాన్ బండ్ల నంబర్ ప్లేట్ మీద ఉండే ఊరి కోడ్ 61, స్కోర్ ఎంతున్నా ఆ నిమిషానికి అందరూ లేచి తమ ఊరి కోసం అరుస్తారు.