ఫ్రాంక్‌ఫర్ట్ స్నేహితులకు మన భోజనం: అపోహలు - వాస్తవాలు

ఫ్రాంక్‌ఫర్ట్‌లో శనివారాలు మన వంట నేర్పిస్తుంటాను. నేర్చుకునేది ఎక్కువగా జర్మన్లు. ఫోన్లు చేసేది మాత్రం వాళ్లను ఇంటికి భోజనానికి పిలిచిన మనవాళ్లు. అందరిదీ ఒకటే టెన్షన్: "కారం ఎంత వెయ్యమంటారండీ?"

అపోహ: కారం తగ్గిస్తే గండం గడిచినట్టే.

వాస్తవం: నోరు మండితే ఈ ఊళ్లో చేయి ముందు బీరు గ్లాసు మీదికో, నీళ్ల మీదికో పోతుంది. కారం పుట్టించే క్యాప్సైసిన్ నీళ్లలో సరిగా కరగదు కాబట్టి మంట తగ్గదు. పక్కన గిన్నెడు పెరుగు పెట్టండి, చాలు.

నన్నడిగితే భయపడాల్సింది పోపుల డబ్బాకి. యూరోపియన్ యూనియన్‌లో ఆహారం అమ్మేవాళ్లు 14 రకాల అలర్జీ పదార్థాల గురించి తప్పకుండా చెప్పాలి. వాటిలో ఆవాలు, నువ్వులు, వేరుశనగలు, పాలు, జీడిపప్పు ఉన్నాయి. సాసేజ్ పక్కన ఆవ ముద్ద చూస్తే అలర్జీ ఉన్న జర్మన్ దూరం జరుగుతాడు. పప్పులో కనిపించే ఆ నల్ల గింజలు కూడా అవేనని అతనికి తట్టదు. మనింటి భోజనానికి ఆ చట్టం వర్తించకపోయినా, పిలిచే రోజే "మీకు పడనివి ఏమిటి?" అని అడిగేయండి.

అపోహ: అన్నం, పప్పు, చారు... గోధుమే లేదు కదా, గ్లూటెన్ (గోధుమలో ఉండే ప్రొటీన్) పడనివాళ్లకు ధీమాగా పెట్టొచ్చు.

వాస్తవం: ఇంగువ డబ్బా వెనక చదివారా? పొడి ఇంగువ చాలావాటిలో గోధుమ పిండి కలుపుతారు. నేనూ చదవలేదు. సీలియాక్ (గ్లూటెన్ పడని జబ్బు) ఉన్న ఒకావిడ నా వంటింట్లో ఆ డబ్బా తిప్పి చూసి, "వైట్సెన్‌మేల్" (గోధుమ పిండి అని) చదివి వినిపించింది. అప్పటికి నూనె కాగుతోంది, చెంచా నా చేతిలో ఉంది! ఇప్పుడు బియ్యప్పిండి కలిపిన ఇంగువే కొంటున్నాను.

అపోహ: మన శాకాహారం వీగన్లకు (పాలతో చేసినవి కూడా ముట్టనివాళ్లకు) సరిపోతుంది.

వాస్తవం: నెయ్యి, పెరుగు, మజ్జిగ. ఇంకేం చెప్పను?

అపోహ: గోంగూర పులుపు వాళ్లకు ఎక్కదు. ఇండియన్ అంటే నాన్, బటర్ చికెన్ పెట్టాల్సిందే.

వాస్తవం: అవి ఊళ్లో ఏ ఇండియన్ రెస్టారెంట్‌లోనైనా దొరుకుతాయి, మీ ఇంటికొచ్చి తినడం దేనికి? పైగా ఫ్రాంక్‌ఫర్ట్ వాళ్లకు పుల్లాకు కొత్త కాదు. ఇక్కడి పేరున్న వంటకం గ్రూనె సోసె. ఏడు రకాల ఆకులతో చేసే ఈ పచ్చటి సాస్‌లో సారెల్ అనే పుల్లటి ఆకు ఉంటుంది. దాన్ని ఉడికించిన గుడ్లు, బంగాళాదుంపలతో తింటారు. అందుకే నేను గోంగూర పచ్చడిని మొదటిసారి అన్నంలో కలిపి పెట్టను. ఉడికించిన దుంప మీద చెంచాడు వేసిస్తాను. రెండో చెంచా వాళ్లే వేసుకుంటారు. అన్నం ఆ తర్వాత.

అపోహ: పెరుగన్నం ఎవరికైనా నచ్చుతుంది, చెప్పేదేముంది?

వాస్తవం: చెప్పకుండా పెట్టారంటే కంగారు పడతారు. తెల్లగా మెత్తగా ఉన్న అన్నం కనిపిస్తే వాళ్లకు గుర్తొచ్చేది మిల్చ్‌రైస్. అంటే చక్కెర, దాల్చినచెక్క పొడి చల్లుకుని తినే పాలన్నం. నోట్లో ఉప్పు తగలగానే ముఖాలు చూడాలి. "ఇది తీపి కాదు" అని ముందే చెప్పండి. అలా చెప్పాక కూడా ఒకాయన దాల్చినచెక్క అడిగి మరీ చల్లుకున్నాడు. బాగుందన్నాడు. నేను పళ్లెం చివర మాగాయ ముక్క పెట్టి ఊరుకున్నాను.